డిసెంబరు పండుగ, పన్నెండు నెలల పొదుపు: పిల్లలున్న ఇంట్లో క్రిస్మస్ పద్దు

తెలుగు క్రైస్తవ కుటుంబాల ఇంటి ఖర్చుల్లో క్రిస్మస్ దాదాపు ఐదు వారాల పాటు సాగే పద్దు. లూథరన్, సి.ఎస్.ఐ., కథోలిక సంఘాలు డిసెంబరు 25కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను ఆగమన కాలంగా, అంటే ప్రభువు రాకకు ఇల్లూ మనసూ సిద్ధపరచుకునే కాలంగా పాటిస్తాయి. వాటిలో మొదటి ఆదివారం ఏటా నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య పడుతుంది. ఆగమన కాలాన్ని విధిగా పాటించని బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో కూడా డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్ కూడికలు, రాత్రిళ్లు ఇంటింటికీ వెళ్లి పాడే క్యారల్ రౌండ్లు, సండే స్కూలు పిల్లల నాటికల అభ్యాసాలు మొదలై, 31వ తేదీ రాత్రి ఆరాధన దాకా సాగుతాయి. పిల్లల జ్ఞాపకంలో నిలిచేది ఈ ఐదు వారాల ఎదురుచూపూ అందులో వాళ్ల చేతికి దొరికిన పనీ అయినప్పుడు, తల్లిదండ్రుల డబ్బు మాత్రం చాలా ఇళ్లలో డిసెంబరు 20 నుంచి 24 వరకు బజారులోనే కరిగిపోతుంది. పండుగ కాలానికీ ఖర్చు కాలానికీ మధ్య ఉన్న ఈ పొంతన లేమిని సరిచేయడమే ఇంటి ఆర్థిక నిర్వహణలో ముఖ్యమైన పని అన్నది ఈ వ్యాసం చేసే ప్రతిపాదన; దీనికి ఆధారం ఇద్దరు పిల్లలున్న ఒక మధ్యతరగతి కుటుంబం, అంటే వ్యాసకర్త సొంత ఇల్లు, కొన్నేళ్లుగా రాసుకుంటూ వచ్చిన పద్దు పుస్తకం.

ఎప్పుడు వస్తుందో, సుమారుగా ఎంత అవుతుందో ముందే తెలిసిన ఖర్చు కోసం నెలనెలా కొంత పక్కన పెట్టే పద్ధతిని ఆర్థిక పరిభాషలో సింకింగ్ ఫండ్ అంటారు. క్రిస్మస్‌కు ఈ పద్ధతిని బ్యాంకు ద్వారా అమలు చేసిన తొలి ఉదాహరణగా చెప్పుకునేది అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో కార్లైల్ ట్రస్ట్ కంపెనీ 1909లో ప్రారంభించిన క్రిస్మస్ క్లబ్. అందులో చేరినవారు ఏడాది పొడవునా చిన్న చిన్న మొత్తాలు జమ చేసి, పండుగకు ముందు ఒకేసారి తీసుకునేవారు. అలాంటి ఖాతాల్లో వడ్డీ తక్కువ, మధ్యలో డబ్బు తీసుకునే వీలూ తక్కువ. అయినా జనం వాటిలో ఎందుకు చేరతారన్న ప్రశ్నను ప్రవర్తనా అర్థశాస్త్రవేత్త రిచర్డ్ థేలర్ పట్టించుకున్నాడు. మనిషి తన డబ్బునంతా ఒకే మూటగా చూడడనీ, బడి ఫీజు, వైద్యం, పండుగ అంటూ మనసులోనే అరలు చేసుకుని, ఒక అరలోది మరో అరకు మార్చడానికి వెనకాడతాడనీ ఆయన వివరించాడు. దీన్నే మానసిక పద్దు అంటారు. ఆయనకు 2017లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. బియ్యం డబ్బాలో ఒకటి, పోపుల పెట్టెలో ఒకటి వేరువేరుగా చిల్లర దాచే తెలుగు గృహిణి చేసేదీ ఈ పనే గనుక, ఈ సిద్ధాంతం మన ఇళ్లకు కొత్తది కాదు.

వ్యాసకర్త కుటుంబం ఎంచుకున్న సాధనం బ్యాంకు రికరింగ్ డిపాజిట్, వాడుకలో ఆర్‌డీ. నెలకు 1,500 రూపాయల చొప్పున పన్నెండు నెలలు కడితే అసలు 18,000 అవుతుంది. వార్షిక వడ్డీ ఆరున్నర శాతం అనుకుంటే మరో 640 రూపాయల దాకా కలుస్తుంది. ఇక్కడ తేదీ చాలా ముఖ్యం. డిసెంబరులో ప్రారంభించిన ఆర్‌డీ మరుసటి డిసెంబరులోనే గడువు తీరుతుంది; అప్పటికి దర్జీలు కొత్త బట్టలు పట్టుకోవడం మానేసి ఉంటారు. నవంబరు మొదటి వారంలో గడువు తీరేలా ఖాతా తెరిస్తే పండుగ పనులన్నిటికీ సమయం చిక్కుతుంది. పోస్టాఫీసు ఆర్‌డీ ఎంత భద్రమైనదైనా దాని కాలపరిమితి అయిదేళ్లు కాబట్టి ఏటా వచ్చే పండుగకు అది సరిపడదు.

మరి ఇదే 18,000 డిసెంబరులో అప్పుగా తెచ్చి, క్రెడిట్ కార్డు మీద పన్నెండు నెలల కిస్తీలుగా, పదహారు శాతం వడ్డీకి కడితే ఏమవుతుందో చూడాలి. నెల కిస్తీ సుమారు 1,633 రూపాయలు, ఏడాదికి వడ్డీ దాదాపు 1,600, ఆ వడ్డీ మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ మరో 288, పైగా ప్రాసెసింగ్ ఫీజు. పొదుపు చేస్తే వచ్చే 640ని, అప్పు చేస్తే పోయే 1,888ని కలిపితే రెండు దారుల మధ్య తేడా 2,500 రూపాయలు దాటుతుంది. ఒక బిడ్డకు బట్టలూ చెప్పులూ రెండూ అందులో వచ్చేస్తాయి. కిస్తీలకు మార్చకుండా కార్డు బకాయిని కనీస చెల్లింపుతో నెట్టుకొస్తే నెలకు మూడు శాతానికి మించిన వడ్డీ పడుతుంది కాబట్టి ఆ భారం ఇంకా ఎక్కువ. క్రిస్మస్ అయిన మూడు వారాలకే సంక్రాంతి, ఆ వెంటనే బడి ఫీజు చివరి వాయిదా వచ్చే తెలుగు ఇంటికి జనవరి అసలే ఇరుకైన నెల. పండుగ అప్పు ఆ నెలలో పెద్దల మధ్య మాటామాటా పెంచితే, దాన్ని కూడా పిల్లలు క్రిస్మస్‌తో ముడిపెట్టి గుర్తుంచుకుంటారు.

పొదుపు అంటే మన ఊళ్లలో ముందుగా గుర్తొచ్చేది చీటీ. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చీటీకి ప్రభుత్వ పర్యవేక్షణ ఉంటుంది. నిర్వాహకుడు తీసుకునే కమీషన్ గరిష్ఠ పరిమితిని 2019 నాటి సవరణ అయిదు నుంచి ఏడు శాతానికి పెంచింది. వీధిలో ఎవరో ఒకరు నెలనెలా వందో రెండు వందలో వసూలు చేసి, పండుగకు సరుకులో వెండి సామానో ఇస్తామనే పండుగ స్కీములకు అలాంటి అండ ఏదీ ఉండదు. ఇంగ్లండులో ఏడాదంతా పేద కుటుంబాల దగ్గర డబ్బు కట్టించుకుని క్రిస్మస్‌కు తినుబండారాల బుట్టలూ షాపింగ్ వోచర్లూ ఇచ్చే ఫేర్‌పాక్ అనే సంస్థ 2006 అక్టోబరులో, సరిగ్గా పండుగ ముంగిట కుప్పకూలినప్పుడు లక్ష మందికి పైగా కొనుగోలుదారులు నష్టపోయారు; వాళ్లు కట్టిన సొమ్ము పూర్తిగా తిరిగి రాలేదు. మన దేశంలో క్రమబద్ధం కాని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో చట్టం వచ్చింది, అయితే డబ్బు పోయాక చట్టం ద్వారా రాబట్టుకోవడానికి పట్టే కాలం పిల్లల పండుగకు అక్కరకు రాదు. నెలకు రెండు వందలే దాచగలిగిన కుటుంబమైనా ఆ రెండు వందలను బ్యాంకులోనో, పొదుపు సంఘం ఖాతాలోనో వేసుకోవాలని గట్టిగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే పోగొట్టుకునే స్తోమత అందరికన్నా తక్కువ ఉన్నది వాళ్లకే.

పోగుచేసిన 18,000 ఎలా ఖర్చవుతుందన్నది తరువాతి విషయం. ఈ ఇంట్లో నలుగురి బట్టలకు 7,000, పిండివంటలు, కేకు, పండుగ రోజు బిర్యానీ కలిపి 4,500, గుడి కానుకకూ ఇతరులకు ఇవ్వడానికీ 3,000, పిల్లల పుస్తకాలకూ ఆటవస్తువులకూ 2,000, ప్రయాణానికి 800, అలంకరణకు 700 అన్నది కొన్నేళ్లుగా స్థిరపడిన విభజన. వచ్చిన వడ్డీ చిల్లర ఖర్చులకు పోతుంది. పెద్దల బట్టలు ఆషాఢం తగ్గింపు ధరల్లో ఇంటి ఖర్చు డబ్బుతో కొని, ఆర్‌డీ సొమ్ము అందాక ఆ లోటు పూడ్చుకోవడం లాభసాటి. పిల్లల బట్టలకు మాత్రం అది పనికిరాదు, ఆషాఢంలో సరిపోయిన గౌను డిసెంబరుకు పొట్టిదైపోతుంది.

ఆటవస్తువులకు కేటాయింపు తక్కువగా కనిపించవచ్చు. బహుమతుల విషయంలో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త 1993లో ప్రచురించిన పరిశోధన ప్రసిద్ధమైనది. తమకు వచ్చిన క్రిస్మస్ బహుమతుల విలువను విద్యార్థులు వాటి కొన్న ధరకన్నా పది శాతం నుంచి మూడో వంతు దాకా తక్కువగా లెక్కకట్టారని అందులో తేలింది. ఇచ్చినవాడికి అయిన ఖర్చుకూ పుచ్చుకున్నవాడికి దక్కిన విలువకూ మధ్య ఇలా ఎవరికీ చెందకుండా పోయే తేడాను ఆయన నిరర్థక నష్టం అన్నాడు. బహుమతిలోని ఆప్యాయతకు ఆ లెక్కలో చోటు లేదన్న విమర్శ న్యాయమైనదే. కానీ పిల్లల ఇష్టాన్ని కనుక్కోకుండా చివరి నిమిషంలో కొన్న బ్యాటరీ బొమ్మ సంక్రాంతి నాటికి అటక ఎక్కడం ఏ తల్లిదండ్రులకైనా తెలిసిన సంగతే గనుక, ఈ కుటుంబంలో బిడ్డకు ఒకటే బహుమతి, అదీ నవంబరులో బిడ్డనే అడిగి తెలుసుకున్నది, అన్నది నియమం.

అలంకరణకు కేటాయించిన 700 రూపాయలు అన్నిటికన్నా చిన్న పద్దులలో ఒకటైనా పిల్లలకు ఎక్కువ కాలం పని కల్పించేది అదే. బజారులో దొరికే ప్లాస్టిక్ స్టారు తగిలించడానికి పది నిమిషాలు చాలు. వెదురు బద్దలతో చేసే స్టారుకు ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పడుతుంది: అయిదేసి బద్దలతో రెండు నక్షత్రాలు కట్టి, వాటిని ఒకదానిమీద ఒకటి పెట్టి కొసలు పురికొసతో బిగించి, లోపలి అయిదు కూడళ్ల దగ్గర జానెడు పుల్లలు నిలబెడితే మధ్యభాగం ఉబ్బుతుంది, మైదా ఉడికించిన జిగురుతో రంగు కాగితాలు అంటించి, ఒక రేకను తెరిచి ఉంచి, దాని గుండా చిన్న ఎల్‌ఈడీ బల్బు వేలాడదీస్తారు. వేడెక్కే పాతకాలపు బల్బు కాగితానికి ప్రమాదం కాబట్టి ఆ ఒక్క వస్తువు మీద డబ్బు ఆదా చేయకూడదు. చెట్టు విషయంలోనూ కోస్తా జిల్లాల్లో సరుగుడు కొమ్మను ఇసుక నింపిన బకెట్టులో నిలబెట్టే అలవాటు ఉంది. దాని కింద పశువుల పాక కట్టడానికి గడ్డి, మట్టిబొమ్మలు చాలు. ఏ బొమ్మ ఎక్కడ ఉండాలన్న దాని మీద పిల్లలు పడే తగవు కూడా పండుగలో భాగమే, దాన్ని పెద్దలు తొందరపడి తీర్చనవసరం లేదు.

తక్కువ ఖర్చుతో పిల్లల చేతికి ఎక్కువ పని ఇచ్చే ఇదే సూత్రం పిండివంటల్లోనూ వర్తిస్తుంది. గులాబీ పువ్వుల ఇత్తడి అచ్చు ఒకసారి కొంటే తరాలు మన్నుతుంది గనుక దాని ధరను ఒక్క ఏటి ఖర్చుగా రాయకుండా ఎన్నో ఏళ్లకు పంచి చూడాలి. అచ్చును ముందు కాగిన నూనెలో ఉంచి వేడెక్కించి, తరువాత పిండిలో ముప్పావు వంతు వరకే ముంచాలి. అచ్చు పైఅంచు దాకా మునిగితే పువ్వు దాన్ని వదిలి నూనెలోకి జారదు. పొయ్యి దగ్గర పని పెద్దలదే అయినా, పిండి కలపడం, చల్లారిన పువ్వులను లెక్కపెట్టి ఇరుగుపొరుగు ఇళ్లకు పళ్లాల్లో సర్దడం పిల్లలవే. కేకు కోసం ఎండుద్రాక్ష, టూటీ ఫ్రూటీ, జీడిపప్పు ద్రాక్షరసంలో నానబెట్టడం నవంబరులోనే మొదలవుతుంది. ఓవెన్ కొనవలసిన అవసరమూ లేదు. సికింద్రాబాదులో కుటుంబాలు సామగ్రి తీసుకెళ్తే కలిపి, కాల్చి, కిలో లెక్కన కూలి తీసుకునే బేకరీల సంప్రదాయం చాలా కాలంగా ఉంది.

ప్రయాణానికి పెట్టిన మొత్తం హైదరాబాదు నుంచి వంద కిలోమీటర్ల లోపు ఉన్న మెదక్ చర్చికి పండుగ ముందు ఒక మామూలు రోజున వెళ్లి రావడానికి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ మందిరాన్ని చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు కాలంలో ఆకలితో ఉన్నవారికి పని కల్పించి అన్నం పెట్టేందుకు కట్టించాడన్న చరిత్రను ఆ రంగుటద్దాల కిటికీల కింద నిలబడి వినే పిల్లలకు, డబ్బు చేయగలిగిన మేలు ఏమిటో ఒక రూపంలో కనిపిస్తుంది.

ఇతరులకు ఇచ్చే పద్దులో పిల్లలకు స్వతంత్రం ఉండాలన్నది వ్యాసకర్త దృఢమైన అభిప్రాయం. వంట వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టి సంఘానికి ఇచ్చే అలవాటు తెలుగు గ్రామ సంఘాలకు పరిచితమే. మిజోరంలో 1910 నుంచి సాగుతున్న అదే రకమైన ఆచారం అక్కడి సంఘాల ఆదాయంలో పెద్ద భాగంగా ఎదిగింది. ఈ ఇంట్లో 3,000లో 500 రూపాయలు పిల్లల వాటా. ఎవరికి, ఏ రూపంలో ఇవ్వాలో వాళ్లే తేల్చుకుంటారు. పెద్దబిడ్డ వీధి ఊడ్చే ఆమె కూతురికి కంపాస్ బాక్సు కొనాలని పట్టుబడితే, చిన్నబిడ్డ క్యారల్ రౌండుకు వచ్చే అన్నయ్యలందరికీ టీ, బిస్కట్లు తన డబ్బుతోనే ఇవ్వాలన్నాడు. రెండూ జరిగాయి, రెండూ వాళ్ల చేతిరాతతోనే పద్దు పుస్తకంలోకి ఎక్కాయి.

పండుగ నాడు తాతయ్యలూ మేనత్తలూ పిల్లల చేతిలో పెట్టే డబ్బు ఈ 18,000 లెక్కలోకి రాదు, రాకూడదు కూడా. లోటు పడిందని ఆ నోట్లను పెద్దలు తీసుకుని వాడుకునే అలవాటు పిల్లల నమ్మకాన్ని దెబ్బతీస్తుంది. పదేళ్లు నిండిన మైనర్లు బ్యాంకు విధించే పరిమితులకు లోబడి సేవింగ్స్ ఖాతాను స్వయంగా తెరిచి నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు అనుమతిస్తోంది; అంతకన్నా చిన్నవాళ్లకు తల్లి లేదా తండ్రి సంరక్షకులుగా ఖాతా తెరవవచ్చు. క్రిస్మస్ తరువాత బ్యాంకులు తెరిచి ఉన్న తొలి పనిదినాన ఆ నోట్లను పిల్లల చేతనే చలానా రాయించి జమ చేయించడం, తిరిగి వచ్చాక ఆ మొత్తాన్ని ఇంటి పద్దులో కాకుండా వాళ్ల సొంత నోటు పుస్తకంలో రాయించడం ఈ కుటుంబంలో పండుగ పనుల్లో చివరిది.