జమాఖర్చు అడిగిన పాటగాడు

నాకు ఫ్రెంచి రాదు. ఈ సంగతి ముందే చెప్పెయ్యటం మంచిది. ఎంచేతంటే ఈ వ్యాసం ఒక ఫ్రెంచి పాటగాణ్ణి గురించి. మాట తెలియకుండా పాట విన్నవాడికి దాన్ని గురించి రాసే అర్హత వుందా అని ఎవరైనా అడిగితే, పూర్తిగా లేదనే చెబుతాను. కాని మా కాలేజీలో ఫ్రెంచి చెప్పే మిత్రుడు ఒకాయన, రెండు వేసవి సెలవులు నా పక్కన కూచుని, ఒక్కొక్క పాటనూ మాటకు మాట విడదీసి చెప్పాడు. కొన్ని చోట్ల, "ఇక్కడ ఒక విరుపు వుంది, అది నేను తెలుగులో చెప్పలేను" అని వదిలేశాడు. ఆయన వదిలేసిన చోట్లను నేనూ వదిలేశాను.

ఆ పాటగాడి పేరు జాఁ ఫెరా. శ్రీశ్రీ తరం పుణ్యమా అని ఫ్రెంచి కవులలో బోదిలేరూ, ఎల్వారూ, అరగానూ మనకు కొత్తవాళ్లు కారు. ఆ అరగాన్ కవితలకు బాణీలు కట్టి, కవిత్వం కొని చదివే అలవాటు లేని లక్షలమంది ఇళ్లలోకి వాటిని తీసుకుపోయిన మనిషి పేరు మాత్రం మనదాకా రాలేదు. ఇందులో వింత ఏమీ లేదు. పాటగాళ్లను మరిచిపోవటం పండితులకు అన్ని దేశాల్లోనూ అలవాటే. నాజర్ బుర్రకథ ఎన్ని ఊళ్లను కదిలించిందో మన పెద్దవాళ్లు చెబుతారు, తెలుగు ఎం.ఏ. చదివిన రెండేళ్లలో నేను ఆయన్ను గురించి తరగతిలో విన్నది బహుశా పది నిమిషాలు.

ఫెరా అసలు పేరు జాఁ టెనెన్‌బామ్. 1930 డిసెంబరు 26న పారిస్ దగ్గర వోక్రెసోఁ అనే వూళ్లో పుట్టాడు. నలుగురు పిల్లల్లో కడగొట్టువాడు. తండ్రి రష్యా నుంచి వలస వచ్చిన యూదు. నగలపని చేసే కార్మికుడు. తల్లి ఓవెర్ఞ్ ప్రాంతపు ఫ్రెంచి మనిషి. కాగితపు పూలూ గుడ్డపూలూ కట్టే పనిలో వుండేది. 1942లో తండ్రిని పట్టుకుపోయారు. ద్రాన్సీ శిబిరంలో వుంచి, అక్కణ్ణించి ఆష్‌విట్జ్ పంపారు. తిరిగి రాలేదు. కొడుక్కు అప్పుడు పదకొండేళ్లు. ఆ రోజుల్లో కొంతకాలం ఆ పిల్లవాణ్ణి దాచి కాపాడినవాళ్లు కమ్యూనిస్టు కార్యకర్తలు. ఈ ఒక్క సంగతీ తెలిస్తే అతని తరవాతి జీవితంలో సగం అర్థమవుతుంది. కమ్యూనిజం అతనికి గ్రంథాలయంలో దొరికిన సిద్ధాంతం కాదు. తలుపు తీసి లోపలికి రమ్మన్న మనుషులు.

కుటుంబాన్ని పోషించటానికి చదువు మానుకుని, ఒక ప్రయోగశాలలో సహాయకుడిగా చేరాడు. సాయంత్రాలు చదువు, రాత్రిళ్లు గిటారు. తరవాత ఆ వుద్యోగం వదిలేసి పారిస్ పానశాలల్లో పాడాడు. ఫెరా అన్న పేరు ఫ్రాన్సు పటంలో సముద్రం ఒడ్డున వున్న ఒక వూరి పేరు నుంచి తీసుకున్నది. 1956లో అరగాన్ "ఎల్సా కన్నులు"కు అతను కట్టిన బాణీని అప్పటికే పేరున్న ఒక గాయకుడు రికార్డు చేశాడు. తన సొంత మొదటి రికార్డు 1958లో వచ్చి ఎవరి చెవినా పడకుండానే పోయింది. 1960లో కర్మాగారంలో పనిచేసే తన పిల్లను గురించి పాడిన "మా మోమ్"తో జనం గుర్తుపట్టారు. ఆ పాటలో పిల్ల సినిమా తార కాదు, నల్లకళ్లద్దాలు పెట్టుకోదు, కూలి చేస్తుంది. ప్రేమ పాటలో కూలిచేసే పిల్ల వుండటం అక్కడా అప్పటికి కొత్తే కాబోలు.

ఇక 1963 నాటి "రాత్రీ పొగమంచూ" సంగతి. ఈ పేరు నాజీల ఉత్తర్వుది. ఆక్రమిత దేశాల్లో ఎదిరించినవాళ్లను రాత్రిలో, పొగమంచులో కలిసిపోయినట్టు జాడ తెలియకుండా మాయం చెయ్యాలని 1941 డిసెంబరులో ఇచ్చిన ఉత్తర్వు. అలేన్ రెనే అదే పేరుతో అంతకు ముందే శిబిరాలను గురించి ఒక చిత్రం తీశాడు. ఫెరా పాట ఆ బండ్లలో కుక్కి పంపిన మనుషులను గురించి. నన్ను ఆశ్చర్యపరచింది ఏమిటంటే, ఆ పాటలో తండ్రి అన్న మాటే లేదు. "నేను తండ్రిలేనివాణ్ణి, నన్ను చూసి ఏడవండి" అనడు. ఫ్రెంచి పేరొకటి, రష్యన్ పేరొకటి, యూదు పేరొకటి వరసగా వస్తాయి, అంతే. ఆ మనుషులు మొక్కుకున్న దేవుళ్ల వరసలో మన విష్ణువు కూడా వున్నాడని మా మిత్రుడు చెప్పినప్పుడు నేను నమ్మలేక మళ్లీ పెట్టించి విన్నాను. నిజమే, వున్నాడు. సొంత దుఃఖాన్ని అందరి దుఃఖంలో కలిపెయ్యటం మన విమర్శకులు "వైయక్తికాన్ని సామాజికం చెయ్యటం" అంటారే, అది ఇలా వుంటుందన్నమాట. నేను ఆ మాట తరగతిలో పదేళ్లుగా చెబుతున్నాను. దానికి చూపించటానికి ఒక మంచి ఉదాహరణ దొరికింది ఇప్పుడే.

ఆ పాట ప్రభుత్వ రేడియోకు నచ్చలేదు. ఆ ఏడాది జనవరిలోనే డిగాల్, అడెనార్ ఫ్రెంచి-జర్మన్ స్నేహ ఒడంబడిక మీద సంతకాలు చేశారు. పాతగాయాలు ఇప్పుడెందుకన్నది పెద్దల వాదం. నిషేధం అన్న మాట ఎవరూ వాడలేదు, "వెయ్యకపోతే మంచిది" అన్నారు. అయినా రికార్డు జనంలోకి పోయింది, బహుమానమూ వచ్చింది. ఇదే కథ 1965లో "పొటెంకిన్"తో మళ్లీ జరిగింది. జారు అధికారుల మీద తిరగబడ్డ నావికుల పాట టెలివిజన్‌లో వద్దన్నారు. వేరే పాట పాడమంటే ఫెరా పాడనన్నాడు. 1969లో "నా ఫ్రాన్సు" గతీ అంతే. దేశాన్ని ప్రేమించే పాట అది! కాని అతను ప్రేమించిన ఫ్రాన్సు రోబెస్పియరుది, గనికార్మికులది, 1871 కమ్యూనుది. దేశభక్తి తమ సొత్తనుకునేవాళ్లకు అది మింగుడుపడలేదు. ఈ రోజుల్లో మన విద్యార్థులు ఆ పాట వినటం అవసరమని నా అభిప్రాయం. దేశం అన్న మాటను అవతలివాళ్లకు వదిలేసి మనం మానవజాతిని గురించి మాత్రమే మాట్లాడటం తెలివైన పని కాదు.

అరగాన్ సంగతి కొంచెం నిలిచి చెప్పాలి. అతని దీర్ఘకవితలను ఫెరా ఉన్నవి ఉన్నట్టు పాడలేదు. కోశాడు. ఒక పొడుగాటి కవితలోంచి కొన్ని చరణాలు ఏరి, ఒక చోటి మాటలను పల్లవి చేసి, మిగతావి పక్కన పెట్టాడు. 1956 నాటి అరగాన్ కావ్యం "ముగియని నవల"లోని ఒక భాగం, 1964లో ఇలాగే పాటయింది. అది ఫ్రాన్సులో కవిత్వం చదవనివాళ్లకు కూడా నోటికి వచ్చు. 1971లో అరగాన్ పాటలతోనే ఒక పూర్తి రికార్డు వేస్తే అది విపరీతంగా అమ్ముడుపోయింది. మా తెలుగు శాఖలో ఈ మాట చెబితే, ఒక పెద్దాయన "కవి గొంతు కోస్తే ఊరుకున్నాడా?" అని అడిగారు. ఊరుకోవటమే కాదు, అరగాన్ సంతోషించాడు. కవితను పుస్తకంలో పెట్టి పూజించేవాడికి అది కత్తిగాటు లాగా కనిపిస్తుంది. నోట్లో పెట్టుకుని వాడుకునేవాడికి, పండు తొక్క తియ్యటంలాంటిది. మన పండితులు గేయాన్ని వచనకవిత కంటే ఒక మెట్టు కింద కూచోబెట్టటానికి కారణం సాహిత్యం కాదు, అలవాటు. ఆ అలవాటు నాకూ వుంది. నా ఎం.ఏ. నోట్సులో అది ఎర్రసిరాతో వుంది.

"కొండ" అన్న పాటతో మాత్రం నాకు పేచీ వుంది. 1964 నాటిది. అర్దెష్ కొండప్రాంతంలో ఒక్కొక్కరే కుర్రవాళ్లు వూరు వదిలి పోతారు, గుమాస్తాలవుతారు, పోలీసులవుతారు. పట్నపు అద్దె మేడల్లో ఉండి, హార్మోనులతో పెంచిన కోడిమాంసం తింటారు. ముసలివాళ్లు పుల్లటి ద్రాక్షసారా కాస్తూ మిగిలిపోతారు. బాణీ ఎంత బాగుంటుందంటే, తెలియని భాషలోనే నాకు మా వూరు గుర్తు వచ్చింది. కాని కొండ దిగినవాడికి ఆ పుల్లసారా కంటే నెలజీతం మంచిదనిపించటంలో తప్పు ఏమిటి? ఫెరా పారిస్ నుంచి కొండకు పోయినవాడు. ఆంత్రెగ్ అనే ఆ వూళ్లో ఇల్లు కొనుక్కుని, 1970ల నుంచి అక్కడే స్థిరపడ్డాడు. దిగేవాళ్ల దారికి ఎదురుగా ఎక్కాడన్నమాట. మేడమీది నుంచి దిగివచ్చినవాడికి గుడిసె అందంగా కనిపించే ప్రమాదం వుంది. అయితే అతను అక్కడ యాత్రికుడిలా వుండలేదు. వూరి పురపాలక సంఘంలో సభ్యుడిగా పనిచేశాడు. ఈ మాట చెప్పకపోతే నా పేచీ అన్యాయమవుతుంది.

1967లో క్యూబా వెళ్లాడు, మీసాలతో తిరిగి వచ్చాడు. ఆ మీసాలు చివరిదాకా వున్నాయి. 1972 తరవాత వేదిక ఎక్కటం మానేశాడు. తన రికార్డులు వేసే కంపెనీ ఒక బహుళజాతి సంస్థ చేతికి పోయినప్పుడు, దాని కింద వుండటానికి ఇష్టం లేక, తన పాత పాటలన్నీ మళ్లీ గొంతు విప్పి పాడి సొంతంగా వేసుకున్నాడు. ఉత్పత్తి సాధనాలను గురించి మనం రాసే వ్యాసాల కంటే ఇది ఎక్కువ పని.

ఇంతా రాసి, అసలు నేను ఈ పాటగాణ్ణి పట్టుకోవటానికి కారణం ఇంకా చెప్పలేదు.

ఫెరా పార్టీ సభ్యుడు ఎన్నడూ కాడు. జీవితమంతా పార్టీ వెంట నడిచాడు. 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు ప్రాగ్ వీధుల్లోకి వచ్చినప్పుడు, అతను "కామ్రేడ్" అన్న పాట కట్టాడు. ఆ మాట ఎంత తియ్యనిదో, అందులో ఎంత నమ్మకం వుందో ముందు చెప్పి, ఆ మాట పేరుతో ప్రాగ్‌కు వచ్చినవాళ్లను ఎందుకు వచ్చారని అడుగుతాడు. అంతకంటే గట్టిది 1980 నాటి "జమాఖర్చు." 1979లో ఫ్రెంచి కమ్యూనిస్టు పార్టీ నాయకుడు జార్జ్ మార్షే, సోషలిస్టు దేశాల జమాఖర్చు చూస్తే మొత్తం మీద లాభమే తేలుతుందన్నాడు. ఆ మాట మీద ఈ పాట. బలవంతాన సంతకాలు పెట్టించిన ఒప్పుకోళ్లు, ప్రాగ్, బుడాపెస్ట్, సోఫియా, మాస్కో, అన్నీ అందులో వున్నాయి. శత్రువులు ఇవే మాటలు అప్పటికి ముప్ఫై ఏళ్లుగా అంటున్నారు. తేడా ఒక్కటే. శత్రువు ఆదర్శాన్ని చంపటానికి అంటాడు; ఫెరా ఆ ఆదర్శం పేరుతోనే, అది తనది గనకనే, లెక్క అడుగుతాడు. ఆ పాట పాడి అవతలి పక్కకు పోలేదు. అవతలివాళ్లు రమ్మని పిలిచేవుంటారు. 1991లో సోవియట్ యూనియన్ కూలిన ఏడు కూడా, ఇన్నాళ్లూ జంతుప్రదర్శనశాలలో వున్నాం గనక ఇక అడవిలో పడి ఒకణ్ణొకడు తినవలసిందేనా అన్న అర్థంతో ఒక రికార్డు వేశాడు.

"మొత్తం మీద" అన్న మాట నేను విన్నది ఫ్రెంచిలో కాదు. కొన్నేళ్ల కిందట మా అధ్యాపక సంఘం సమ్మె ముగిసింది. రెగ్యులర్ లెక్చరర్ల కోరికలు చాలావరకు నెరవేరాయి. కాంట్రాక్టువాళ్ల జీతాల సంగతి, మాతోపాటు అన్ని రోజులూ ఎండలో కూచున్నవాళ్ల సంగతి, "తదుపరి పరిశీలన"కు పోయింది. సర్వసభ్య సమావేశంలో మొత్తం మీద ఇది విజయమేనని తీర్మానం చదివారు. నేను చెయ్యెత్తాను. అనుకూలంగా. ఐక్యత చెడుతుందని నాకు నేను చెప్పుకున్నాను. మర్నాడు స్టాఫ్‌రూములో మా శాఖలోని కాంట్రాక్టు లెక్చరరు ఒకామె నా పరీక్ష పేపర్ల కట్ట కూడా తానే మోసుకొచ్చి బల్ల మీద పెట్టి, "టీ తెప్పించమంటారా సార్?" అన్నది. కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. ఆమె నా దగ్గర నుంచి ఏమీ ఆశించలేదన్నమాట. అది నాకు చాలాకాలం అర్థం కాలేదు.

"జమాఖర్చు" అర్థం తెలిసిన సాయంత్రం అర్థమైంది. తప్పు చెబితే మనవాళ్లు విరిగిపోతారని మేం ఊరుకుంటాం. విరిగేది ఎవరు? తీర్మానంలో పేరు లేనివాళ్లు అప్పటికే విడిపోయి వున్నారు. నా మిత్రుడు దీనికి ఒప్పుకోడు. ఫెరాకు చేతిలో పాట వుంది, వెనక లక్షలమంది వున్నారు, సమ్మెలో వున్న సంఘానికి అవేమీ లేవు, అంటాడు. ఆ మాటలోనూ నిజం వుంది. అతనితో నేను ఇంకా వాదిస్తున్నాను.

ఫెరా 2010 మార్చి 13న, తన వూరికి దగ్గరలోని ఓబెనా ఆసుపత్రిలో చనిపోయాడు. డెబ్భై తొమ్మిదేళ్లు. ఆంత్రెగ్ లాంటి చిన్న వూరి కూడలిలో వేలమంది చేరారు. ఒకప్పుడు రేడియో వినిపించనన్న "నా ఫ్రాన్సు"ను ఫ్రాన్సెస్కా సోల్‌విల్ అక్కడ నిలబడి పాడింది.

వచ్చే నెలలో మా సంఘం సర్వసభ్య సమావేశం వుంది. పాత తీర్మానం మీద ఒక సవరణ రాసి, నోటీసు కింద ఇచ్చాను. బలపరిచేవాళ్ల సంతకం ఒకటి కావాలన్నారు. రెగ్యులర్ లెక్చరర్లలో ఇప్పటికి ముగ్గురిని అడిగాను.