మా వదిన ఏ పార్టీ?

మా కోనసీమలో ఆడవాళ్ళ గురించి 'రాజకీయం' అనే మాట వాడేది ఎక్కువగా ఇంటి గొడవల్లోనే. కోడలు ఆడపడుచుతో గుసగుసగా ఏదో చెబితే "ఇంట్లో రాజకీయాలు చెయ్యకు" అంటారు. అదే మగవాడు పొద్దున్నించీ టీ కొట్టు దగ్గర కూర్చుంటే "ఆయన రాజకీయాల్లో ఉన్నాడండి" అని గౌరవంగా చెబుతారు. ఓల్గా తన కథల సంపుటికి 'రాజకీయ కథలు' అని పేరు పెట్టి ఆ మాటని స్త్రీల శరీరం దాకా తీసుకొచ్చింది. పిహెచ్.డి. రోజుల్లో ఆ పేరు మీదే నేను ఒక అధ్యాయం రాశాను. కానీ ఆ మాటకి వీధిలో ఉన్న అర్థం గురించి, అంటే పార్టీ, టికెట్టు, గుర్తు, కండువా వీటి గురించి మన స్త్రీవాద పత్రికల్లో తక్కువే రాసుకున్నాం. అదంతా మగవాళ్ళ బురద, మనకెందుకన్నట్టు ఉంటుంది మన ధోరణి. ఆ బురదలో దిగి నిలబడ్డ ఒక మనిషి గురించి రాద్దామని ఇది.

ఆమె మా పెదనాన్నగారి కోడలు, నాకు వదిన. సఖినేటిపల్లి మండలంలో ఒక పంచాయతీలో 2021లో వార్డు మెంబరుగా గెలిచింది. ఊరి పేరు రాయొద్దంది. "నీకేం, రాసి హైదరాబాదు వెళ్ళిపోతావు. నేనిక్కడ నీళ్ళు తాగాలి" అంది. ఆమె పేరు కూడా అందుకే రాయడం లేదు.

వదిన ఇంటర్మీడియట్ దాకా చదివింది. రోజూ పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి నర్సాపురం వెళ్ళి చదువుకుంది. పంటు రాకపోతే రేవులో కూర్చునే పరీక్షలకి చదువుకునేదట. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళడానికి బస్సు ఛార్జీలు ఎవరిస్తారు? సఖినేటిపల్లి దగ్గర వంతెన కడతామనే మాట వినపడని ఎన్నిక మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు లేసు అల్లింది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్ళేవాడు, అల్లింది పట్టుకెళ్ళేవాడు. నర్సాపురం చుట్టుపక్కల లేసు అల్లే స్త్రీల గురించి మరియా మీస్ 1982లో ఒక పుస్తకం వేసింది. విదేశీ మార్కెట్టుకి సరుకు తయారు చేస్తున్న ఆ ఆడవాళ్ళని ఇంట్లో ఖాళీగా కూర్చుని కాలక్షేపానికి అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టారనీ, అలా లెక్కగట్టడం వల్లే వాళ్ళ కూలి అంత తక్కువనీ అందులో ఉంటుంది. ఆ సంగతి చెబితే వదిన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మెంబరు పని కూడా అంతేలే. చేసేది నేను, లెక్క మీ అన్నయ్యది" అంది.

ఆ ఎన్నిక గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత మన రాష్ట్రం 1994లో పంచాయతీరాజ్ చట్టం చేసుకుంది. మూడో వంతు స్థానాలు స్త్రీలకి వచ్చాయి. 2011లో దాన్ని సగం చేశారు. ఇందులో ఒక విచిత్రం ఉంది. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరుగుతాయి. సర్పంచి, వార్డు మెంబరు ఎన్నికలకి మాత్రం పార్టీ ఉండకూడదు. ఎన్నికల సంఘం ఇచ్చిన జాబితాలోంచి ఏదో ఒక గుర్తు వస్తుంది. వదినకి గ్యాస్ పొయ్యి వచ్చింది. "ఇంట్లోదే ఇక్కడా తగిలింది" అని నవ్వుకుందట.

మరి నిజంగా పార్టీ లేదా? 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగితే, విడత విడతకీ రెండు పెద్ద పార్టీలూ మా వాళ్ళు ఇంతమంది గెలిచారని లెక్కలు ప్రకటించుకున్నాయి. రెండు లెక్కలూ కలిపితే ఉన్న పంచాయతీల కంటే ఎక్కువ తేలాయి. తెలుగుదేశం ఏకంగా పంచాయతీలకి మేనిఫెస్టో విడుదల చేసింది. పార్టీరహిత ఎన్నికలకి మేనిఫెస్టో ఏమిటని ఎన్నికల సంఘం దాన్ని రద్దు చేసింది. ప్రభుత్వం ఏమో ఏకగ్రీవాలకి జనాభాని బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా నజరానా ప్రకటించింది. ఊళ్ళో ఏకగ్రీవం అంటే ఎవరెవరు ఏ అరుగు మీద కూర్చుని తేలుస్తారో మనకి తెలుసు. ఆ అరుగు మీద ఆడవాళ్ళు ఉండరు. వాడల వాళ్ళు ఉంటే కింద ఉంటారు.

వదిన వార్డు బీసీ మహిళకి రిజర్వయింది. ఒక పార్టీ బలపరిచిన ప్యానెల్లో ఆమెని నిలబెట్టారు. నిలబెట్టారు అనే మాట ఆమెదే. నామినేషన్ రోజున సంతకం పెట్టేటప్పుడు మాత్రమే తన అవసరం పడిందంది. ఆ వీధిలోనే ఇంకో అమ్మాయి ఉంది, డిగ్రీ చదివింది, చురుకైంది. ఆమెకి మూడో కాన్పు. ఇద్దరు కంటే ఎక్కువమంది పిల్లలుంటే పోటీకి పనికిరారనే నిబంధన 1994 చట్టంలో ఉండేది, 2024లోనే ఎత్తేశారు. మగపిల్లాడు కావాలని మూడోసారి కనమన్నది మొగుడు, అత్తగారు. పోటీకి పనికిరాకుండా పోయింది ఆ పిల్ల. ముప్పై ఏళ్ళు ఈ నిబంధన ఎంతమంది ఆడవాళ్ళని గుమ్మంలోనే ఆపేసిందో, దాని మీద మనం చెయ్యాల్సినంత గోల చెయ్యలేదు.

గెలిచాక మొదటి ఏడాది వదినకి పనే లేదు. 2019 నుంచి గ్రామ సచివాలయాలు, యాభై ఇళ్ళకో వాలంటీరు వచ్చారు. పెన్షనైనా రేషను కార్డైనా జనం వాలంటీరుని అడిగేవారు. వార్డు మెంబరంటే జెండా పండగ నాడు వేదిక మీద కుర్చీ, అంతే. అది కూడా ఒక్కోసారి మొగుడికే వేసేవారు.

ఆ తర్వాత ఒక పొద్దున్న పేపర్లో జిల్లా పేజీలో వార్త వచ్చింది. ఫలానా నాయకుడి సమక్షంలో ఫలానా ఊరి నుంచి ఇంతమంది పార్టీలో చేరారని, అందులో 'వార్డు సభ్యురాలు' అని వదిన పేరుంది. ఆ రోజు ఆమె జ్వరంతో ఇంట్లో పడుకుని ఉంది. చేరింది అన్నయ్య. కండువా కప్పించుకున్నదీ ఆయనే. "పేపరు మీద మరమరాలు పోసుకుని తింటుంటే తెలిసింది నేను పార్టీ మారానని" అంది వదిన. ఇది చెప్పేటప్పుడు నవ్వించింది గానీ ఆ రోజు మాత్రం నవ్వలేదట. అన్నయ్యతో రెండు రోజులు మాట్లాడలేదు. విలేకరికి ఫోను చేసి "నేను రాలేదు బాబూ, దిద్దండి" అంది. దిద్దలేదు. మర్నాడు ప్రెసిడెంటుగారి మనిషి వచ్చి అన్నయ్యని అడిగాడు, ఏంటి మీ ఆవిడ అలా మాట్లాడుతోందని. ఆమె ఆ పక్క గదిలోనే ఉంది.

పార్టీ మారడం మా రాజోలు వాళ్ళకి కొత్తేం కాదు. 2019లో జనసేనకి రాష్ట్రం మొత్తం మీద గెలిచిన ఒకే ఒక్క ఎమ్మెల్యే రాపాక వరప్రసాదరావు గెలిచింది మా రాజోలు నుంచే. తర్వాత ఆయన అధికార పక్షం వైపు నిలిచారు. 2024లో ఆ పక్షం తరపునే అమలాపురం లోక్‌సభకి పోటీ చేసి ఓడిపోయారు. వదిన దాని మీద అన్న మాట నాకు బాగా పట్టుకుంది. "ఆయన్ని ఎందుకెళ్ళావని ఊరూరా అడిగారు. టీవీల్లో కూర్చుని ఏదో జవాబు చెప్పుకున్నాడు. నన్ను ఎవరూ అడగలేదే! నేను మారానంటే నమ్మేశారు, మారలేదంటే నమ్మలేదు."

చట్టం వైపు నుంచి చూస్తే ఇది ఇంకా చిత్రంగా ఉంటుంది. ఫిరాయింపుల నిరోధక చట్టం 1985లో వచ్చింది, అది ఎంపీలకీ ఎమ్మెల్యేలకీ. ఎంపీపీ ఎన్నికలో ఎంపీటీసీలకి విప్ ఉంటుంది. వార్డు మెంబరుకి ఇవేవీ వర్తించవు, ఎందుకంటే చట్టం దృష్టిలో ఆమెకి పార్టీయే లేదు. లేని పార్టీ నుంచి మారడం కుదరదు. లేని పార్టీలో ఆమె మాట వినాలని అడిగే చోటూ లేదు. కానీ క్రమశిక్షణ మాత్రం ఉంది!

ఆ క్రమశిక్షణ ఎలాంటిదో రొయ్యల చెరువు దగ్గర బయటపడింది. సముద్రం దగ్గరి మా ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీళ్ళు. తాగడానికి కాలవ నీళ్ళు చెరువుకి పట్టుకుని వాడుకోవాలి. ఆ మంచినీళ్ళ చెరువుకి దగ్గర్లో వరి చేను తవ్వి రొయ్యల చెరువు వేస్తామని అర్జీ వచ్చింది. పంచాయతీకి అభ్యంతరం లేదని తీర్మానం ముందే రాసుకొచ్చారు. మెంబర్లు సంతకాలు పెట్టాలి. ఆడ మెంబర్ల సంతకాల కోసం పుస్తకం ఇళ్ళకే వచ్చింది, మర్యాద కదా. వదిన పెట్టనంది. మీటింగు పెట్టండి, అక్కడ మాట్లాడతానంది. వచ్చినవాళ్ళు చెప్పిన జవాబు ఒకటే: "మనోళ్ళే అమ్మా, మన పార్టీ వాళ్ళే."

"మన పార్టీ అయితే నన్ను ఏ మీటింగుకి పిలిచారు? చెరువు వెయ్యాలని ఏ మీటింగులో అనుకున్నారు? ఆ మీటింగులో నేనున్నానా?" అని అడిగిందట. సంతకం పెట్టకుండానే పుస్తకం పంపేసింది. మీటింగు జరిగిన రోజు వెళ్ళి, తన అసమ్మతి మినిట్స్‌లో రాయమని సెక్రటరీ పక్కన నిలబడి రాయించింది. మిగతావాళ్ళ సంతకాలతో తీర్మానం నెగ్గింది. అయితే ఆ అసమ్మతి కాగితం నకలు పట్టుకుని వాడలో ఆడవాళ్ళు మండలాఫీసుకి వెళ్ళారు. చెరువు తవ్వకం ఆగింది. ఎన్నాళ్ళు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ ఏడాది వదిన వాళ్ళ కొబ్బరికాయలు కొనడానికి ఎప్పుడూ వచ్చే వ్యాపారి రాలేదు. ఎందుకు రాలేదో అడిగితే పని ఒత్తిడి అన్నాడు.

ఇంత జరిగాక వదిన రాజకీయాలంటే విసిగిపోయి ఉంటుందని, పల్లెల్లోకి పార్టీలు రావడమే తప్పంటుందని అనుకున్నాను. చదువుకున్నవాళ్ళు మామూలుగా అనే మాట అదే. జయప్రకాశ్ నారాయణ్ పార్టీరహిత ప్రజాస్వామ్యం నుంచి మన పత్రికల సంపాదకీయాల దాకా ఆ మాటకి గౌరవం ఉంది. వదిన మాత్రం దానికి అడ్డం తిరిగింది. "గుర్తు ఇచ్చేస్తే పీడా పోతుంది" అంది. "పార్టీ గుర్తు మీద గెలిస్తే, ఫలానా పార్టీ మెంబరు ఊరి నీళ్ళకి ఉప్పు పట్టిస్తుందా అని జనం పార్టీని అడుగుతారు. నేనూ పార్టీని అడుగుతాను. ఇప్పుడు అడిగితే, ఇది పంచాయతీ అమ్మా ఇక్కడ పార్టీ ఏంటంటారు. సంతకానికి మాత్రం పార్టీ ఉంటుంది."

ఆమెకి తెలియకపోవచ్చు, 1978లో అశోక్ మెహతా కమిటీ దాదాపు ఇదే చెప్పింది: పార్టీలు పంచాయతీల్లో బాహాటంగా పోటీ చెయ్యాలని. పశ్చిమ బెంగాల్, కేరళల్లో పార్టీ గుర్తుల మీదే పంచాయతీ ఎన్నికలు జరుగుతాయి. అక్కడ స్త్రీలకి అన్నీ బాగున్నాయని నేననను. గుర్తు ఉన్నంత మాత్రాన పార్టీ ఆడదాని మాట వింటుందనీ అనను. 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాటంలో తిరిగిన స్త్రీలు చెప్పుకున్నది గుర్తు తెచ్చుకోండి. తుపాకీ పట్టినంత కాలం పార్టీకి వాళ్ళు కావాలి. పోరాటం ఆగిపోయాక ఇంటికి వెళ్ళి పెళ్ళి చేసుకోమన్నారు. అది కమ్యూనిస్టు పార్టీ. కులం, కాంట్రాక్టులు, చెరువుల లీజుల మీద బతికే పార్టీల నుంచి ఇంకేం ఆశిస్తాం?

ఇదంతా చెప్పాను. వదిన విని, "అయితే ఆళ్ళు పార్టీలో ఉన్నారు కాబట్టే కదా, ఎందుకు పొమ్మన్నారని అడగ్గలిగారు" అంది. నేను జవాబు చెప్పేలోగా పాలు పొంగాయి, లేచి వెళ్ళింది.

'సర్పంచి పతి'ల గురించి దేశంలో చాలా చర్చ ఉంది. భార్య పేరుతో పెత్తనం చేసే మొగుళ్ళకి గట్టి శిక్షలుండాలని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వేసిన సలహా సంఘం 2025లో సిఫార్సు చేసింది. మంచిదే. కానీ ఆ చర్చలో ఎప్పుడూ మొగుడే దోషి. అన్నయ్య నిజానికి మెత్తని మనిషి. పేపరు గొడవ తర్వాత ఇంకెప్పుడూ ఆమె పేరు వాడుకోలేదు. అయినా ఆమె పరిస్థితి ఏం మారింది? వెనక ఉన్నది ఒక్క మొగుడు కాదు, ఊళ్ళో ఏడెనిమిది మంది మగవాళ్ళ గుంపు. వాళ్ళకి పదవి ఉండదు, రిజర్వేషన్ అంటదు, కాలపరిమితీ ఉండదు. 2023లో రాజ్యాంగ సవరణతో శాసనసభలో, లోక్‌సభలో మూడో వంతు సీట్లు స్త్రీలవన్నారు. మండల పార్టీ కమిటీలో మూడో వంతు అని ఎవరూ అనలేదు.

ఈసారి తను ఎంపీటీసీకి అడుగుతానంది వదిన. సీటు జనరల్ అయితే? "జనరలంటే మగాళ్ళదని ఎవరు రాశారో ఆ కాగితం చూపించమన్నాను. చూపించలేదు" అంది. అందుకోసం వీధిలో పదకొండు మంది ఆడవాళ్ళ చేత పార్టీ సభ్యత్వం కట్టించింది. మీటింగులు రాత్రి తొమ్మిదింటికి పెడితే మేం రాలేం, మధ్యాహ్నం మూడింటికి బడి దగ్గర పెట్టమని మండల నాయకుడికి ఉత్తరం ఇచ్చింది. జవాబు రాలేదు. తర్వాతి మీటింగు ఎవరిదో రొయ్యల చెరువు మకాం దగ్గర, రాత్రి తొమ్మిదిన్నరకి.

మొన్న ఫోను చేసింది. ముగ్గురు ఆడవాళ్ళు ఆటో మాట్లాడుకుని వెళ్ళారట. వీళ్ళని చూసి అక్కడివాళ్ళకి కాసేపు ఏం మాట్లాడాలో తోచలేదు. టీలు తెప్పించారు. వదిన మంచినీళ్ళ చెరువు సంగతి ఎత్తింది. వచ్చే మీటింగులో చూద్దామన్నారు.

"ఎప్పుడన్నారు?" అని అడిగాను.

"నేనూ అదే అడిగాను. తారీఖు చెప్పేదాకా ఆటోవాడిని ఆపాను. వెయిటింగు యాభై ఎక్కువ తీసుకున్నాడు."