రాజేశ్వరి తరఫు వకీలు

మొన్న శుక్రవారం అల్ ఖోర్‌లో మా ఇంట్లో నలుగురం తెలుగువాళ్ళం చేరాం. బిర్యానీ అయ్యాక మాటలు చలం మీదకి మళ్ళాయి. 1927 నాటి "మైదానం"లో రాజేశ్వరి ప్లీడరు మొగుణ్ణి వదిలి అమీర్‌తో వెళ్ళిపోవడం తప్పా, ఒప్పా? నేను ఎప్పట్లాగే రాజేశ్వరి తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. ఇంజనీరింగ్ రోజుల్నించీ అంతే లెండి. కథ చెప్పేది రాజేశ్వరే కాబట్టి మొగుడి గోడు మనకి వినపడదు, అందుకే మనసు ఆవిడ వైపు మొగ్గుతుందన్నాడో మిత్రుడు. ఆలోచించాల్సిన మాటే. కానీ వాదన వేడిలో కొట్టిపారేశాను.

అందరూ వెళ్ళాక గిన్నెలు సర్దుతూ మా ఆవిడ అడిగింది.

"పై ఫ్లాట్ ఆవిడ భర్త నుంచి విడిపోయిందని తెలిశాక, పాప పుట్టినరోజుకి ఆవిణ్ణి పిలవొద్దన్నదెవరండీ?"

"అది వేరు" అన్నాను.

ఎలా వేరో చెప్పమంది. నిజానికి ఆవిడ రాజేశ్వరిలా ఎవరితోనూ వెళ్ళిపోలేదు కూడా. ఉద్యోగం చేసుకుంటూ కొడుకుని చదివించుకుంటోంది, అంతే. ఆ పిల్లాడూ మా పాపా ఒకే స్కూలు బస్సు. పుట్టినరోజు కేక్ గురించి మా పాప వాడికి ముందే చెప్పేసిందట.

అప్పట్నించీ లిఫ్టులో ఆవిడ ఎదురైతే నేను సెల్‌ఫోన్ చూసుకుంటున్నాను.