ఒక్క ‘నీవు’ తెచ్చిన తంటా



కొన్ని సంవత్సరాల క్రితం బాగేపల్లి తాలూకాలోని ఒక పల్లెలో జరిగిన చిన్న సంగతి ఇది. నాకు పాఠం నేర్పిన సంగతి కనుక చెప్పాలనిపించింది.

మా చిక్కబళ్ళాపురం జిల్లా 2007లో కోలారు జిల్లా నుండి విడివడి ఏర్పడింది. ఇక్కడ బాగేపల్లి, చింతామణి వైపు పల్లెల్లో చాలామందికి ఇంటి భాష తెలుగు. బడి భాష, కచేరీ భాష కన్నడం. సంతలోనూ బస్సులోనూ రెండూ కలిసి నడుస్తాయి. ఒకరి మాట మరొకరికి అర్థమవుతుందన్న ధీమా మా అందరిలోనూ ఉంది. ఆ ధీమాయే ఒక్కొక్కప్పుడు ముప్పు తెస్తుంది.

ఆ పల్లె బడికి దూరపు జిల్లా నుండి ఒక కన్నడ ఉపాధ్యాయిని బదిలీపై వచ్చారు. రెండవ తరగతిలో ఒక తెలుగు పిల్లవాడికి ఆమె అంటే ఎంతో ఇష్టం. ఒక సాయంత్రం ఇంటికి పోతూ, “నీను నాళె బర్తీయా?” అని అడిగాడు. ‘నువ్వు రేపు వస్తావా?’ అని వాడి భావం. ఇంట్లో అమ్మను, అవ్వను ‘నువ్వు’ అని పిలిచే పసివాడు ఆమెను కూడా ఆ చనువుతోనే పలకరించాడు. ఆమెకు అది పొగరుగా వినిపించింది. అందరి ముందూ మందలించారు. మరునాటి నుండి వాడు నోరు విప్పలేదు. అడిగిన ప్రశ్నకు తెలిసిన జవాబు కూడా చెప్పలేదు. వారం తిరిగేసరికి ‘మొండివాడు’ అన్న పేరు వచ్చింది. ఆ తరువాత బడికి రావడమే మానివేశాడు.

పాపం, ఆ ఉపాధ్యాయిని మనసులేని మనిషి కాదు. పిల్లవాడి కోసం స్వయంగా ఇంటికి వెళ్ళారు. కదిరి వైపు నుండి కోడలుగా వచ్చిన వాడి అవ్వ ఆమెను చూసి లేవబోతే, “నీవు కూతుకొళ్ళి, నీవు ఏళబేడి” అన్నారు. ‘మీరు కూర్చోండి, మీరు లేవకండి’ అని ఎంతో మర్యాదగా అన్న మాట. కానీ అవ్వ చెవిన పడింది ఒక్క ‘నీవు’ మాత్రమే. మరునాడు నాతో, “నా మనవరాలి ఈడు పిల్ల, నా ఇంటికొచ్చి నన్నే నీవు అంటాదా సారూ? ఆ బడి మాకొద్దు, వాణ్ణి కదిరికి పంపిస్తాం” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నది.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. కన్నడంలో ‘నీను’ ఏకవచనం, ‘నీవు’ బహువచనం. గౌరవానికి వాడేది ‘నీవు’. తెలుగులో ‘నీవు’ ఏకవచనం, గౌరవానికి ‘మీరు’. అక్షరం మారలేదు, అర్థం తలక్రిందులైంది. పాలు ‘హాలు’ అవుతాయని, పులి ‘హులి’ అవుతుందని పిల్లలు నవ్వుతూ పట్టుకుంటారు. అక్కడ మాట వేరుగా వినిపిస్తుంది కనుక జాగ్రత్త పడతారు. ‘నీవు’ ఒకేలా వినిపిస్తుంది కనుక ఎవరికీ అనుమానం రాదు.

జెన్నీ థామస్ అనే భాషావేత్త 1983లో ఒక వ్యాసంలో ఈ విషయాన్నే వివరించారు. పరాయి భాష మాట్లాడేవాడు వ్యాకరణంలో తప్పు చేస్తే, భాష సరిగా రాదని జనం సరిపెట్టుకుంటారు. భాష బాగానే వచ్చినవాడు మర్యాద పద్ధతిలో పొరబడితే మాత్రం, మనిషే మంచివాడు కాదనుకుంటారు. మా పల్లెలో జరిగింది అదే. భాషలోని తేడాను స్వభావదోషమని ఇరువైపుల వారూ భావించారు. నేనూ తక్కువవాణ్ణి కాను. అవ్వ మాట విన్న వెంటనే, ‘కొత్తగా వచ్చినామెకు కాస్త గర్వమే’ అనుకున్నాను. రెండు భాషలూ తెలిసిన నాకే ఆ ఆలోచన వచ్చినందుకు నేటికీ సిగ్గుపడుతుంటాను.

తరువాత ఇద్దరికీ విషయం విడమరచి చెప్పాను. ఉపాధ్యాయిని చాలాసేపు మౌనంగా ఉండి, “నేను వాడిని ఊరికే తిట్టాను” అన్నారు. మరొకసారి వెళ్ళి, “అవ్వా, మీరు బాగున్నారా?” అని తెలుగులో పలకరించారు. అవ్వ మజ్జిగ ఇచ్చింది. పిల్లవాడు బడికి తిరిగి వచ్చాడు గాని, తరగతిలో గట్టిగా మాట్లాడటానికి చాలా నెలలు పట్టింది. పెద్దల అలక ఒక పలకరింపుతో తీరుతుంది. పిల్లల భయం అంత త్వరగా తీరదు.

అప్పటి నుండి ప్రతి సంవత్సరం బడి తెరిచిన మొదటి వారంలోనే నల్లబల్ల మీద రెండు వరుసలు వ్రాస్తున్నాను: కన్నడంలో నీను – నీవు, బా – బన్ని, తెలుగులో నీవు – మీరు, రా – రండి. పిల్లల చేత నాటకంలా పలికిస్తాను. పట్టుమని పది నిమిషాల పని. కన్నడ ఉపాధ్యాయులకు కూడా ఇదే చూపిస్తాను.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు బడిలో మాట్లాడటం లేదని ఫిర్యాదు వస్తే, వెంటనే కోప్పడకండి. చివరిసారి ఏ మాట అన్నాడో, దానికి ఏ జవాబు వచ్చిందో మెల్లగా అడగండి.

చింతామణి తాలూకాలోని కైవారంలో వెలసిన నారాయణ యతీంద్రులు తెలుగులోనూ కన్నడంలోనూ రచనలు చేశారు. కన్నడం వారు కూడా ఆయనను ‘కైవార తాతయ్య’ అనే పిలుస్తారు. ఆ పిలుపులో చనువూ ఉంది, గౌరవమూ ఉంది. మన పిల్లలకు రెండు భాషలలోనూ ఆ రెండూ నేర్పడం మన బాధ్యత.