విప్పితే అట్ట... మడిస్తే పెట్టె!

మిఠాయి దుకాణంలో చూసే ఉంటారు. చదునుగా ఉన్న అట్టముక్కని నాలుగు మడతలు పెడితే చాలు, పెట్టె తయారవుతుంది. ఇందులో వింతేముంది అనిపిస్తుంది కదూ! ఈ మడతల వెనక 500 ఏళ్లనాటి ముచ్చట ఉంది. ఇంతవరకూ ఎవరూ విప్పలేని చిక్కుముడీ ఉంది. దాని మూలం వెతుక్కుంటూ వెళ్తే జర్మనీలోని న్యూరెంబర్గ్ చేరతాం.

కోట నీడలో...

న్యూరెంబర్గ్ కోటకు దిగువన, పాత నగర ద్వారం దగ్గర ఇల్లు ఒకటి ఠీవిగా నిలబడి ఉంటుంది. కింది రెండంతస్తులూ ఇసుకరాయితో, పైవి కలప చట్రాలతో కట్టారు. ప్రఖ్యాత చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1509 నుంచి 1528లో కన్నుమూసేదాకా ఉన్నది ఇక్కడే. 1945 జనవరిలో బాంబుదాడికి పాత నగరం చాలావరకు నేలమట్టమైనా ఈ ఇల్లు దెబ్బలతో బయటపడింది. బాగుచేసి మ్యూజియంగా నడుపుతున్నారు. సందర్శకులు ఆనాటి వంటగదినీ అచ్చుయంత్రాన్నీ చూడొచ్చు.

కంసాలి కొడుకు పుస్తకం

డ్యూరర్ తండ్రి కంసాలి. చేతిపనివాళ్ల అవసరాలు తెలిసిన డ్యూరర్ 1525లో కొలతల విద్యమీద ఓ పుస్తకం వేశాడు. పండితుల లాటిన్‌లో కాదు, జనం మాట్లాడే జర్మన్‌లో! చిత్రకారులకే కాదు, కంసాలులకీ శిల్పులకీ వడ్రంగులకీ పనికిరావాలన్నది ఆయన తపన. అందులో ఘనాకృతుల్ని అంచుల దగ్గర విప్పి, కాగితంమీద పరిచినట్లు గీశాడు. ఇరవై త్రిభుజాలు కలిసిన బొమ్మని మడిస్తే గుండ్రాయిలాంటి ఆకృతి. పన్నెండు పంచభుజాలతో మరొకటి. లెక్కల భాషలో వీటిని వల రూపాలంటారు. అచ్చులో వచ్చిన తొలినాటి వల రూపాల్లో ఇవీ ఉన్నాయి.

తేలని లెక్క

పాచికలాంటి ఘనాన్ని 11 రకాలుగా విప్పొచ్చు. అదే పన్నెండు పంచభుజాల ఆకృతినైతే ఏకంగా 43,380 రకాలుగా! మరి ఎక్కడా లోపలికి నొక్కుకుపోని, చదును ముఖాలున్న ఏ ఆకృతినైనా అంచుల వెంటే కత్తిరించి, ఒక ముఖం మీద మరొకటి పడకుండా ఒకే ముక్కగా పరచగలమా? 1975లో బ్రిటిష్ గణితవేత్త జెఫ్రీ షెపర్డ్ ఈ ప్రశ్నని స్పష్టంగా ముందుకు తెచ్చాడు. ముఖాల మధ్యనుంచి కూడా కోయొచ్చంటే దారి ఉంది. అంచుల వెంటే కోయాలంటేనే చిక్కు. అలా పరచలేని ఆకృతి ఒక్కటీ దొరకలేదు. అన్నిటినీ పరచగలమన్న రుజువూ దొరకలేదు!

ఈ ఆదివారం ఖాళీ అట్టపెట్టె ఏదైనా ఉంటే పారేయకండి. పిల్లలకు కత్తెరిచ్చి, ఎన్ని రకాలుగా విప్పగలరో చూడమనండి.