సందు లేని పటం

గోడ ఖాళీగా కనిపిస్తే మనకి చెయ్యి ఊరుకోదు. క్యాలెండరో, పెళ్లిఫోటోయో తగిలించాల్సిందే. దేవరాపల్లిలో మా పుట్టింటి సావిట్లో మాత్రం ఒక్కటే పెద్ద పటం. నల్లకాగితం మీద అడ్డదిడ్డంగా అంటించిన ఫోటోలు - శారద ఒడ్డున వనభోజనాలు, రైవాడ గట్టు మీద షికారు, బారసాలలు. మధ్య సందుల్లో మా పాస్‌పోర్టు సైజు మొహాలు! మొన్నటి వానలకి చెమ్మ పట్టి కొన్ని అద్దానికే అతుక్కుపోయాయి. అలాంటివి ఊడబెరికితే బొమ్మ చెడుతుంది. అందుకని అద్దం మీంచే ఫోనులో తీసుకుని, అమ్మ 80వ పుట్టినరోజుకి కొత్త పటం చేయిద్దామనుకున్నాను. ఈసారి గళ్లచీరలా ఫోటోలన్నీ ఒకదాన్నొకటి ఆనుకునుండాలి.

లెక్క తేలికే. 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడుగు కాగితం. 4 బై 6 సైజు ఫోటోలు అడ్డంగా 3, నిలువునా 3. మొత్తం 9. వెంట్రుకంత సందుండదు. నా నవలల్లో అధ్యాయాలైనా ఇంత బుద్ధిగా కుదరవు! ఫోను తనే అన్నీ సర్దేసింది. స్టూడియో కుర్రాడు తీసిచ్చిన నమూనా ప్రింటు అమ్మ చేతిలో పెట్టాను.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఒక్కో గడి మీదా వేలు పెట్టి చూసి, "మా వదినేదే?" అంది.

నిజమే. అత్తయ్య లేదు. ఒక గడిలో మాత్రం ఓ చెయ్యి, కాస్త చీరకొంగు.

మా మేనత్త చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. మా అందరి పురుళ్లూ ఆవిడ చేతుల మీదే, అందరి అన్నాలూ ఆవిడ చేతి వంటే. ఫోటో అనేసరికి మాత్రం "శుభమా అని తీసుకుంటూంటే మధ్యన నేనెందుకర్రా" అని తప్పుకునేది. లాక్కొస్తే ద్వారబంధం పక్కన, చిట్టచివర నిలబడేది.

నాన్నగారిది అగ్ఫా క్లిక్ త్రీ కెమెరా. రోలుకి 12 బొమ్మలు, ఒక్కొక్కటి 6 సెంటీమీటర్ల చదరం. ఆ చదరంతో 4 బై 6 గడి నింపాలంటే బొమ్మలో మూడో వంతు పోవాలి. ఫోను రెండు పక్కలా కోసేసింది. పక్కల్లో ఎవరున్నారో దానికేం తెలుసు? తెలిసినదాన్ని, గళ్లు కుదిరాయన్న సంబరంలో నేనూ చూడలేదు. ఆ మాట అమ్మతో అనలేక "స్టూడియో వాళ్ల పొరపాటు" అనేశాను. పాపం ఆ కుర్రాడు!

మర్నాడు మళ్లీ వెళ్లాను. అదే కాగితం మీద 3 అంగుళాల చదరాలైతే అడ్డంగా 4, నిలువునా 6, వెరసి 24. చదరంలో చదరం - ఎవరి చెయ్యీ తెగదు. మొహాలు చిన్నవవుతాయి, అవనీ. అప్పుడా కుర్రాడే, "చుట్టూరా పావంగుళం ఫ్రేము కిందకి పోతాది మేడమ్. అంచునున్నోళ్ల ఫోటోలు చివరి గళ్లలో పెట్టకండి" అన్నాడు.

నా గుండె గుభేలుమంది. మళ్లీ అత్తయ్యే! నాలుగు వైపులా గళ్లు వదిలేస్తే లోపల మిగిలేవి 8. ఆవిడున్న ఫోటోలు 7. అన్నిటినీ లోపలికి జరిపించాను.

అమ్మ కొత్త పటం చాలాసేపు చూసింది.

"మా వదినని ఇంత మధ్యన పెట్టేసేవేటే? ఉండుంటే ఒప్పుకునీదా?" అంది.

పటం ఎక్కడ కొట్టాలో కూడా తనే చూపించింది - సావిట్లో కాదు, వంటింటి గుమ్మానికి ఎదురుగా.