మూడు సంక్రాంతుల చెడుగుడు

ఈ సంచికకు ఏదైనా రాసివ్వమని మిత్రులు అడిగినప్పుడు, నాకు తెలిసిన విషయాలు రెండే రెండని చెప్పాను. ఒకటి పట్టుపురుగులు, రెండోది చెడుగుడు. పట్టుపురుగుల గురించి జంతుశాస్త్రం రికార్డులో ఇదివరకే రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను గనుక, ఇక్కడ రెండోదాన్ని గురించి రాస్తున్నాను. కథలూ కవితలూ ఆశించే పాఠకులు మన్నించాలి.

మాది చిత్తూరు జిల్లాలో వెంకటగిరికోటకు దగ్గరగా ఉన్న ఒక పల్లె. వి.కోట అంటేనే బస్సు కండక్టర్లకు తెలుస్తుంది. పడమరగా పోతే కర్ణాటక, దక్షిణంగా పోతే తమిళనాడు. సంతలో పది నిమిషాలు నిలబడితే మూడు భాషలు చెవిన పడతాయి. మాకు ఒకటిన్నర ఎకరా మల్బరీ తోట, కొంచెం టమాటా, రెండు ఆవులు. మా నాయన చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. నేను తిరుపతి హాస్టల్లో ఉన్నా సరే, నెలలో రెండు శనివారాలు చిత్తూరు, పలమనేరు మీదుగా బస్సు పట్టుకొని ఊరికి పోతాను. ఆకు కోయడానికే పోతానని నాయన అనుకుంటాడు. అందులో సగమే నిజం.

2022 వేసవిలో ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు ఇది మొదలైంది. మా ఊరి పిల్లలు పన్నెండు మంది, పదమూడేళ్ల వాళ్లు, పద్నాలుగేళ్ల వాళ్లు, సాయంత్రమయితే రచ్చకట్ట మీద ఒకే ఫోను చుట్టూ మూగి ప్రొ కబడ్డీ పాత ఆటలు చూసేవాళ్లు. ఆ పోటీలు 2014లో మొదలైనప్పటి నుంచి మా పక్క పిల్లలకు పిచ్చి పట్టుకొంది. సగం మంది తెలుగు టైటన్స్ పక్షం, సగం మంది బెంగళూరు బుల్స్ పక్షం. మాకు హైదరాబాదు కంటే బెంగళూరు దగ్గర, వాళ్లను తప్పుపట్టలేము.

"చూసేదేంటికిరా, ఆడండి" అన్నాను ఒకరోజు.

"నేర్పించేవాళ్లు యాడుండారన్నా?" అన్నాడు ఒకడు.

నేను హైస్కూలు జట్టులో రెండేళ్లు ఆడినవాణ్ణి. మాకూ ఎవరూ నేర్పలేదు. బయటి జట్టుతో మొదటిసారి ఆడినప్పుడు, బోనస్ గీత అనేది ఒకటుందని అక్కడే తెలిసింది. ఎదుటి పక్షంలో ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉన్నప్పుడే ఆ గీత దాటితే పాయింటు వస్తుందని ఓడిపోయిన తర్వాత తెలిసింది. ఆ సిగ్గు నాలో అట్లాగే ఉండిపోయింది. కాబట్టి "నేను నేర్పిస్తా" అనేశాను.

నాయన దగ్గర బావి పక్కన అయిదు సెంట్ల మడి అడిగాను. "సదువుకోరా అంటే సెడుగుడు అంటావా?" అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు తెల్లవారి పోయి చూస్తే మడి దున్ని ఉంది. అది చాలు. చిన్నపిల్లల కోర్టు 11 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. పాత డ్రిప్ పైపుతో కొలిచి, బూడిదతో గీతలు గీశాము. రాళ్లు ఏరి, వేరుశనగ పొట్టు పరిచి, దానిమీద మట్టి చల్లాము. పడినా మోకాలు చెక్కుకుపోదు.

పట్నంలో శిక్షకులు ఆటల కాలాన్ని నెలలతో లెక్కపెడతారేమో గానీ, మా ఊళ్లో లెక్క పురుగులది. పట్టుపురుగు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. మావాళ్లు దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన తర్వాత దానికి పట్టే ఆకలి చూడాలి. మొత్తం జీవితంలో తినే ఆకులో నూటికి ఎనభై వంతులకు పైగా ఆ చివరి వారంలోనే తింటుంది. ఆ వారం పిల్లలు ఆకుమోపుల కింద కనబడరు. పురుగులు చంద్రికలెక్కి గూళ్లు కట్టడం మొదలుపెడితే మళ్లీ మడికి వస్తారు. అందుకని ఏ ఇంట్లో ఎప్పుడు నాలుగో జ్వరమో ఒక నోటుబుక్కులో రాసుకొని, దాన్నిబట్టి ప్రాక్టీసు పెట్టేవాణ్ణి. మా జట్టు మొదటి రూలు అదే: ఇంటి పని ఎగ్గొట్టి వచ్చినవాణ్ణి కోర్టులో దిగనివ్వను. ఆ ఒక్క రూలుతో తల్లిదండ్రులు సగం మెత్తబడ్డారు.

కాలేజీ తెరిచినాక నేను లేని దినాల్లో కెప్టెనే ఆడించేవాడు. 2023 సంక్రాంతికి పక్క మండలంలో ఒక ఊళ్లో పోటీలు పెడితే పోయాము. గెలిచిన జట్టుకు పొట్టేలు. మొదటి ఆటలోనే 14కు 43తో ఓడిపోయాము. రెయిడుకు పోయినవాడికి ముప్పయి సెకండ్లుంటాయని చెప్పి చెప్పి నేర్పిస్తే, మావాళ్లు పది సెకండ్లకే ఊపిరి చాలక వెనక్కి పరుగెత్తి వచ్చారు. నాలుగుసార్లు లోనా అయ్యాము. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఒకడు, "అన్నా, పొట్టేల్ని తాకనన్నా తాకినాము గదన్నా" అన్నాడు. అందరం నవ్వుకున్నాము. ఆ సంవత్సరం నవ్వడానికి అడ్డంకి లేకపోయింది.

రెండో సంవత్సరం జట్టు జట్టయింది. ఊపిరి కోసం కట్టమీద కబడ్డీ కబడ్డీ అంటూ పరుగెత్తించాను. పట్టుకునేవాళ్లకు నడుము వంచి నిలబడటం నేర్పాను. గరిమనాభి ఎంత కిందికి ఉంటే మనిషి అంత కుదురుగా నిలబడతాడని ఇంటర్ ఫిజిక్సులో చదివింది మొదటిసారి పనికొచ్చింది. ఇద్దరు చేతులు కలిపి గొలుసు కట్టడం, ఒకడు చీలమండ పడితే రెండోవాడు నడుము పట్టడం, ఇవన్నీ వచ్చాయి. అన్నిటికంటే మించి మాకొక రెయిడర్ దొరికాడు. అసలు పేరు రాయను. ఊళ్లో అందరూ ఉడత అంటారు. బక్కవాడు, వరసకు నాకు మేనమామ కొడుకు. ఎదుటివాళ్ల చేతుల కింద నుంచి ఎట్లా బయటపడేవాడో మాకే తెలిసేది కాదు.

2024 సంక్రాంతికి సెమీఫైనల్ దాకా వచ్చాము. ఎదుటి జట్టు కోలారు పక్కది, గట్టి జట్టు. ఇంక అయిదు నిమిషాలుంది, మేము ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాము. ఉడత రెయిడుకు పోయినాడు. ముగ్గురు మీదపడ్డారు. ఆ గుంపులో ఎవరిదో మోకాలు వాడి కణతకు తగిలింది. లేచి వచ్చి గీత బయట కూర్చున్నాడు. నేను నీళ్లు పోశాను.

"స్కోరెంతన్నా?" అన్నాడు. చెప్పాను. కాసేపటికి మళ్లీ, "స్కోరెంతన్నా?" అన్నాడు.

అప్పుడే నాకు తెలియాల్సింది. తెలిసింది కూడా. తెలియలేదని రాస్తే అబద్ధమవుతుంది. వాడి కళ్లు నన్ను చూస్తున్నట్టు లేవు. కానీ మావాళ్లు ఒకణ్ణి అవుట్ చేసి వాణ్ణి లోపలికి తెచ్చారు. జనం కేకలు వేస్తున్నారు. "ఆడతావా రా?" అని అడిగాను. పద్నాలుగేళ్లవాణ్ణి, అంతమంది ఎదుట, తన అన్న అడిగితే ఏమంటాడు? తల ఊపాడు. పంపించాను.

వాడు పోయి రెండు పాయింట్లు తెచ్చాడు. మేము గెలిచాము. పిల్లలు వాణ్ణి భుజాలమీద ఎత్తుకున్నారు. నేనూ ఒక పక్క పట్టుకున్నాను.

రాత్రి పదకొండు గంటలకు మామ వచ్చి మా తలుపు తట్టాడు. ఉడత రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, తలనొప్పి తలనొప్పి అంటున్నాడు. వ్యాను మాట్లాడుకొని ఆసుపత్రికి పోయినాము. స్కానింగు తీశారు. రక్తస్రావం లేదన్నారు. పుర్రె లోపల మెదడు ద్రవంలో తేలుతూ ఉంటుందని, దెబ్బకు అది కుదిలిపోయినా స్కానులో ఏమీ కనబడకపోవచ్చునని, అది నయం కాకముందే మళ్లీ దెబ్బ తగిలితే ప్రాణం మీదికి రావచ్చునని డాక్టరు విడమరిచి చెప్పాడు. "దెబ్బ తగిలినాక ఆడినాడా?" అని అడిగాడు. నేను మాట్లాడలేదు. ఉడతే, "నేనే ఆడతానన్నా సార్" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు కలిగినంత సిగ్గు నాకు ఇంతవరకు కలగలేదు.

తెల్లవారుజామున ఆసుపత్రి బయట టీ తాగుతూ మామ నన్ను తిట్టలేదు. గ్లాసు కింద పెట్టి ఒకే ఒక మాట అడిగాడు. "అల్లుడా, నీ కూడబుట్టిన తమ్ముడైతే పంపిస్తావా?"

దానికి జవాబు నా దగ్గర లేదు. ఆ రోజు ఫైనల్లో మావాళ్లు నేను లేకుండానే ఆడి ఓడిపోయారు.

హాస్టలుకు వచ్చినాక ఈ సంగతి మీద దొరికినదంతా చదివాను. చదువుతుంటే అమెరికాలో జరిగిన ఒక విషయం కనబడింది. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడేది కాదు. తలకు టోపీ, భుజాలకు మెత్తలు కట్టుకొని ఒకరిమీద ఒకరు పడే ఆట. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో పదమూడేళ్ల బాలుడొకడు ఆ ఆటలో తలకు దెబ్బ తగిలి, కాసేపు బయట కూర్చొని, మళ్లీ ఆటలోకి దిగాడు. ఆట ముగిశాక కుప్పకూలిపోయాడు. ప్రాణం దక్కింది గానీ మాట కోసం, నడక కోసం ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. 2009లో ఆ రాష్ట్రం వాడి పేరునే ఒక చట్టం చేసింది: తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, పిల్లవాణ్ణి ఆటనుంచి తీసేయాలి; అర్హత ఉన్న వైద్యుడు రాసిచ్చేదాకా దించకూడదు. 2014 నాటికి అక్కడి 50 రాష్ట్రాల్లోనూ ఇటువంటి చట్టాలు వచ్చాయి. క్రికెట్లో కూడా తలకు దెబ్బ తగిలినవాడి బదులు మరొకణ్ణి ఆడించే పద్ధతిని 2019లో పెట్టారు. ఎక్కడో భూమికి ఆ చివర ఉన్న శిక్షకుడు, నేను చేసిన తప్పు చేయకుండా ఉండాలని ఒక చట్టం ఉందన్నమాట. అంటే ఈ తప్పు నా ఒక్కడి బుద్ధిలో పుట్టింది కాదు. గెలుపు దగ్గరికి వచ్చినప్పుడు ఎవడికైనా పుడుతుంది. అందుకే ఆ నిమిషానికి ముందే రూలు రాసిపెట్టుకోవాలి.

నోటుబుక్కు మొదటి పేజీలో రెండో రూలు రాశాను. దెబ్బ తగిలినవాణ్ణి "ఆడతావా?" అని అడగకూడదు. తల తిరిగినా, అడిగిందే మళ్లీ అడిగినా, చూపు తేడాగా ఉన్నా ఆ రోజుకు వాడి ఆట అయిపోయినట్టే. నేను మరిచిపోతే జట్టులో ఎంత చిన్నవాడైనా చెప్పవచ్చు, నేను వినాలి.

మామ ఉడతను ఆడటానికి పంపలేదు. నేనూ అడగలేదు. ఆరునెలల తర్వాత, లెక్క రాసేందుకు మాత్రం పంపించాడు. పిల్లలు కొందరు ఈ రూలుకు గొణిగారు. అప్పుడు ఉడతే అన్నాడు: "రేయ్, పవన్ సెహ్రావత్‌ను తమిళ్ తలైవాస్ 2022లో రెండు కోట్ల ఇరవై ఆరు లక్షలిచ్చి కొన్న్యారు. మొదటి ఆటలోనే మోకాలికి తగిలితే ఆ సీజనంతా కూర్చోబెట్టినారు. మరుసటేడు ఆసియా క్రీడల్లో ఇండియాకు కెప్టెనై బంగారు పతకం తెచ్చినాడు. కూర్చుంటే పోయిందేంది?" నేను చెప్పవలసింది వాడు నాకంటే బాగా చెప్పాడు.

ఈ జనవరిలో, 2025 సంక్రాంతికి, మళ్లీ పోయినాము. రెండో ఆటలో మూడు నిమిషాలుందనగా మా కెప్టెన్, ఇంకొకడు తలా తలా కొట్టుకున్నారు. ఒక్క పాయింటు తేడా. కెప్టెన్ లేచి నిలబడి, "నాకేం కాలేదన్నా" అన్నాడు. అడుగు తడబడింది. చెప్పడానికి సిగ్గుపడుతున్నాను, ఆ క్షణంలో కూడా నా చూపు మొదట స్కోరు వైపే పోయింది. అక్కడ బల్ల దగ్గర ఉడత అప్పటికే లేచి నిలబడి నన్నే చూస్తున్నాడు. కెప్టెన్‌ను తీసేశాను. మూడు పాయింట్లతో ఓడిపోయాము.

ఆటోలో ఎవరూ నాతో మాట్లాడలేదు. కెప్టెన్ అయితే ముఖం తిప్పుకొని కూర్చున్నాడు. పండగ రోజుల్లో పిల్లల్ని ఏడిపించినవాణ్ణయ్యానే అని నాకూ మనసు బాగాలేదు.

కనుమ వెళ్లిన మర్నాడు మల్బరీ కొమ్మలు కొడుతుంటే మామ గట్టు మీద వచ్చి నిలబడ్డాడు. ఆకు ఎట్లుందని అడిగాడు, గూళ్ల ధర సంగతి మాట్లాడాడు. బీడీ ముట్టించుకొని పోతూ పోతూ వెనక్కి తిరిగి, "ఆదివారం ఎన్ని గంటలకు రా మీ ప్రాక్టీసు?" అన్నాడు.

"ఆరు గంటలకు మామా" అన్నాను.

మూడేళ్లలో మా జట్టు ఒక్క పొట్టేలు కూడా తేలేదు. ఆ సంగతి మా అవ్వ ప్రతి పండక్కీ గుర్తుచేస్తూనే ఉంటుంది. నేను గొప్ప శిక్షకుణ్ణని చెప్పుకోవడానికి ఇది రాయలేదు. మనలో చాలామంది రేపు ఉపాధ్యాయులు అవుతారు, పిల్లల్ని ఆటలకు తీసుకుపోతారు. అప్పుడు ఎవడో ఒక కుర్రవాడు తల పట్టుకొని కూర్చొని మీ ముఖం వైపు చూస్తాడు. మామ నన్ను అడిగిన మాట ఆ రోజు మీకు జ్ఞాపకం వస్తే చాలు.

ఈ శనివారం ఊరికి పోతున్నాను. నోటుబుక్కు ప్రకారం మా ఇంట్లో నాలుగో జ్వరం లేచి రెండు రోజులు. ముందు ఆకు కోయాలి, తర్వాతే ఆట.